పసుపు నీళ్ళలో పది తూటాలు

మా అత్తవారింట్లో తూటాల డబ్బా దేవుడి గూటికి కింది అరలో ఉండేది. ఎప్పుడో బిస్కెట్లు వచ్చిన రేకు డబ్బా అది. అడుగున పాత పంచె ముక్క పరిచి, దాని మీద పది తూటాల్ని పసిబిడ్డల్ని పడుకోబెట్టినట్టు పక్కపక్కన పెట్టేవారు. పెళ్ళయి ఆ ఇంట్లో అడుగుపెట్టిన మూడో రోజే మా మామ ఆ డబ్బా తెచ్చి నా ముందు పెట్టారు. ఒక్కో తూటా చేతికిచ్చి, దాని నెత్తి మీద ఏం రాసుందో చదవమన్నారు. వంట వచ్చా అని ఆ ఇంట్లో నన్ను ఎవరూ అడగలేదు.

మామది పంట కాపలా తుపాకి. కోవిల్‌పట్టికి కాస్త దూరంలో, కొండ కింద మాకు నాలుగెకరాల నల్లరేగడి చేను ఉండేది. కొండ దిగి పందులు, దుప్పులు వస్తాయని ఆయన తండ్రి కాలంలోనే లైసెన్సు ఇచ్చారు. నేను వెళ్ళేటప్పటికి మామకు అరవై ఎనిమిదేళ్ళు. చూపు తగ్గింది. కళ్ళద్దాలు పెట్టుకుంటే తుపాకి పట్టే మనిషికి పరువు తక్కువని ఆయన నమ్మకం. అదీగాక తూటాల మీద గుర్తులన్నీ ఇంగ్లీషువి. అన్నీ ఒకే ఇటికరంగు కాగితపు గొట్టాలు, అడుగున ఇత్తడి బిళ్ళ. లోపల ఏమున్నదో చెప్పేది నెత్తి మీద అచ్చువేసిన ఆ అక్షరం ఒక్కటే.

నేను బడికి పోయినదాన్ని కాదు. చిన్నప్పుడు ఉబ్బసం ఉండేది, అందుకని విరుదునగర్‌లో మా ఇంట్లోనే చదువు చెప్పారు. తెలుగు అమ్మ నేర్పింది, తమిళం నాయన నేర్పాడు. నాయన మిరపకాయల మండీలో తూకం వేసే పని చేసేవాడు. ఇంగ్లీషు అక్షరాలు మూటల మీది గుర్తులు చూసి నేర్చుకున్నాను. ఆ కొద్దిపాటి చదువు అత్తవారింట్లో తూటాలు చదవడానికి పనికొస్తుందని మా నాయన కలలో కూడా అనుకుని ఉండడు. అయినా దేవుడు ఏ చదువునూ వృథా పోనివ్వడు. ఆ పది తూటాలూ చదివినందుకు మామ నాకు అప్పటికప్పుడు పెద్ద కోడలి హోదా ఇచ్చేశారు, ఉన్నది నేనొక్కదాన్నే అయినా.

నెల తిరిగేసరికి పోపుల పెట్టె కంటే తూటాల డబ్బా నాకు బాగా తెలిసిపోయింది. ఆరో నంబరులో ఆవాలంత రవ్వలు వందలకొద్దీ ఉంటాయి, అవి కౌజు పిట్టలకు. నాలుగో నంబరులో మెంతులంత రవ్వలు, కుందేలుకు. ఎస్‌జీ అని రాసినదాంట్లో శనగగింజలంతవి తొమ్మిదో ఏమో ఉంటాయి, పందికీ దుప్పికీ అవి. ఇక ఒంటి గుండు అని ఒకటి ఉన్నది. దానిలో ఉసిరికాయంత సీసపు ఉండ ఒక్కటే. అది కణితికి. కణితి అంటే గుర్రమంత ఎత్తుండే పెద్ద దుప్పి. మా కొండల్లో అది లేదు, వత్రాప్ వైపు పెద్ద కొండల్లో ఉంటుంది. మా డబ్బాలో ఆరోవి మూడు, నాలుగోవి మూడు, ఎస్‌జీ మూడు, ఒంటి గుండు ఒకటి.

వత్రాప్ నుంచి మా అత్త తమ్ముడు వచ్చినప్పుడల్లా ఈ కణితి మీద వాదం మొదలయ్యేది. ఆయన నాకు వరసకు చిన్నాయన. కొబ్బరితోట ఉండేది ఆయనకు. నెలకోసారి ఒక సంచి కొబ్బరికాయలు మోసుకుని బస్సు దిగేవారు. సంచి దించి, కాళ్ళు కడుక్కుని, కాఫీ తాగడం పూర్తి కాకముందే ఆయనా మామా అడవిలోకి వెళ్ళిపోయేవారు, అరుగు దిగకుండానే. కణితికి ఒంటి గుండు తప్ప ఏదీ పనికిరాదు, తోలు మందం అంటారు చిన్నాయన. భుజం వెనక జానెడు చోటు కనిపెట్టి కొడితే ఎస్‌జీ చాలునంటారు మామ. ఆ మాటకు సాక్ష్యంగా ఆయన దగ్గర ఒక కథ ఉండేది. వయసులో ఉన్నప్పుడు, అడవి చట్టాలు రాకముందు, వత్రాప్ కొండలో నలభై అడుగుల దూరం నుంచి ఆయన ఒక కణితిని ఎస్‌జీతో పడేశారు. చిన్నాయన ఆ రోజు పక్కన లేరు. లేకపోవడం వల్లనే ఆయనకు ఆ కథ మీద అంత అనుమానం.

మా అత్త లోపల పప్పు రుబ్బుతూ వినేది. ఒకరోజు నాతో నెమ్మదిగా అన్నది, "వీండ్ల మాటలు ఆ కణితి చెవిలో పడింటే నవ్వి నవ్వి చచ్చుండును. తోట్టా కర్చు మిగులును."

నవ్వుకోవడానికి బాగానే ఉండేది. కానీ నేను వెళ్ళిన మొదటి ఏడు దుప్పుల మంద ఒకటి కొండ దిగి మా పెసరచేను సగానికి సగం మేసిపోయింది. నాలుగు ఆడవి, ఒక కొమ్ముల పోతు. లేత కాయలన్నీ తినేసి, తీగలు మాత్రం మాకు మిగిల్చాయి. మామ చేని గట్టు మీద నిలబడి చాలాసేపు చూశారు. ఇంటికి వచ్చి, ఈసారి వస్తే ఆ పోతును కొడతానన్నారు. పెద్దది పడితే తక్కినవి ఈ దిక్కుకు రావని ఆయన లెక్క.

అప్పటికే అడవి కాపలా మనిషి ఊళ్ళోకి వచ్చి టీకొట్టు దగ్గర అందరికీ చెప్పిపోయాడు. దుప్పి మీద చెయ్యి పడితే కేసు, జైలు, తుపాకీ పోతుంది, మనిషీ పోతాడు అని. లైసెన్సు ఉన్నది భయపెట్టడానికే తప్ప చంపడానికి కాదని. ఆ మాట మామకు చెప్పని మనిషి లేడు. మా ఆయన స్పిన్నింగ్ మిల్లులో షిఫ్టు దిగి వచ్చిన ప్రతిరోజూ చెప్పేవాడు. మామ వినేవారు, తల ఊపేవారు, పోతును కొడతాననేవారు. అత్తకు భయం పట్టుకుంది. రక్తపోటు మాత్ర మింగే మనిషి, జైల్లో ఎట్లా ఉంటాడని. "ఆడ కూరల్లో ఉప్పు జాస్తిగా వేస్తారంట," అని ఆమె కన్నీళ్ళు పెట్టుకున్న రోజు నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నేను దీపం పెట్టినప్పుడల్లా పెరుమాళ్ళకు ఒకటే చెప్పుకునేదాన్ని. ఆయన గురి అయినా తప్పించు, లేదా ఆ దుప్పుల దారి అయినా తప్పించు. ఏది సులువైతే అది చెయ్యి స్వామీ అని.

రెండో ఏడు వానలకు ముందు మళ్ళీ పెసలే చల్లాము. ఆ వారంలోనే ఆయుధ పూజ వచ్చింది. అత్త నాతో తుపాకికి గంధం రాసి, తూటాల డబ్బాకు బొట్టు పెట్టమని చెప్పి పిండి విసిరించుకు రావడానికి వెళ్ళింది. డబ్బాకు అని ఆమె స్పష్టంగానే చెప్పింది. ఆమెదేమీ తప్పు లేదు.

మా పుట్టింట్లో ఆయుధ పూజ అంటే తూనికరాళ్ళ పూజ. ఇరవై కిలోల ఇనుప రాయి నుంచి బటాణీగింజంత ఇత్తడి బిళ్ళ దాకా అన్నిటినీ చింతపండు పెట్టి తోమి, పసుపు నీళ్ళలో ముంచి తీసి, ఒక్కొక్కదానికీ విడివిడిగా గంధం, కుంకుమ పెట్టేవాళ్ళం. ఏ ఒక్క రాయి కడగకుండా వదిలినా అది ఏడాదంతా అబద్ధం చెబుతుందని నాయన అనేవాడు. అలా పెరిగినదాన్ని, డబ్బాకు ఒక బొట్టు పెట్టి లోపలున్న పదింటినీ పస్తుపెట్టడానికి నాకు మనసు ఒప్పలేదు. ఇంటికి కాపలా కాసేవి అవి కదా, డబ్బా ఏం చేసిందని.

పదీ బయటికి తీశాను. ఇత్తడి బిళ్ళలు చింతపండుతో తోమితే బంగారంలా వచ్చాయి. గొట్టాలను నెత్తి నుంచి అడుగు దాకా పసుపు నీళ్ళలో ముంచిన గుడ్డతో తుడిచాను. గుడ్డకు నల్లగా అంటింది. ఎన్నేళ్ళ మురికో అనుకుని ఇంకాస్త గట్టిగా తోమాను. తరవాత ఒక్కొక్కదాని నెత్తి మీద గంధం చుక్క, దాని మీద కుంకుమ. బాగా మెరిసినవి ముందు వరసలోకి వచ్చేలా సర్ది పెట్టాను. అత్త పిండితో తిరిగొచ్చి గూటిలోకి చూసి, ఏమో చెప్పబోయి ఊరుకుంది. కొత్త కోడలి భక్తిని తప్పుపట్టకూడదనుకుని ఉంటుంది పాపం.

మర్నాడు పూజ ఎత్తిన తరవాత మామ డబ్బా ముందేసుకుని కూర్చున్నారు. ఏటా ఆ రోజు తూటాలన్నీ ఒకసారి చదివించుకోవడం ఆయనకు అలవాటు. మొదటిది నాకిచ్చారు. గంధం తుడిచి చూశాను. రెండోది ఇచ్చారు. మూడోది నేనే తీసుకున్నాను.

"ఏముండాది?" అన్నారు మామ.

"పసుపుంది మామా."

"పసుపు కాదమ్మా. అక్షరం."

పది తూటాలూ తిప్పి తిప్పి చూశాను. పదీ పెళ్ళికూతుళ్ళలా పచ్చగా, తీరుగా ఉన్నాయి. ఒక్కదాని మీదా అక్షరం లేదు. మామ డబ్బా మూత పెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టారు. వరసలోనైనా ముందు పెట్టినట్టు పెట్టావా అని అడిగారు. అందాన్ని బట్టి పెట్టానని చెప్పాల్సి వచ్చింది. ఆయన లేచి పెరట్లోకి వెళ్ళి ఆవు దగ్గర నిలబడ్డారు. కోపం వచ్చినప్పుడు ఆయన చెప్పుకునేది ఆ ఆవుకే.

నేను వంటింట్లో మూల కూర్చుని ఏడుస్తుంటే అత్త వచ్చి తలుపు దగ్గరికి వేసింది. నా గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తి, రహస్యం అడిగినట్టు అడిగింది, "తెలిసే చేస్తివా?"

"లేదత్తా, నాకు నిజంగా తెలీదు."

ఆమె నా కళ్ళలోకి చూసింది. నా మాట ఒక్కటీ నమ్మలేదు. తన మొగుడు జైలుకు పోకుండా కోడలు ఎత్తు వేసిందని ఆమె మనసులో స్థిరపడిపోయింది. బుగ్గ నిమిరి, ఆ రోజు నా ఆకులో శనగల సుండల్ గుగ్గిళ్ళు రెండింతలు వేసింది. నేను ఏడ్చినకొద్దీ నా తెలివి ఆమెకు ఇంకా గొప్పగా కనిపించింది.

తడిసిన తూటాలను మేడ మీద వడియాల పక్కన చాప వేసి ఆరబెట్టాము. కాకులు వడియాలను వదిలేసి మెరిసే ఇత్తడి మీదకు వచ్చేవి. అత్త కర్ర పట్టుకుని రెండు మధ్యాహ్నాలు కాపలా కాసింది. పంటకు కాపలా తుపాకి, తుపాకికి కాపలా తూటా, తూటాకు కాపలా నేనా అని కాకుల్ని తిట్టేది.

మామ చీటీ రాయించి చిన్నాయనను పిలిపించారు. ఆయన ఈసారి కొబ్బరికాయలు లేకుండా వచ్చారు, పనిమీద వచ్చిన వైద్యుడిలాగ. తూటాను చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తే లోపలిది పెద్దదో చిన్నదో చెప్పేయగలనన్నారు. ఇద్దరూ అరుగు మీద కూర్చుని ఒక్కోటి చెవి దగ్గర ఆడిస్తూ పోయారు, సంతలో వెలగపండ్లు చూసినట్టు. చిన్నాయన ఒకదాన్ని ఒంటి గుండు అన్నారు. అదే తూటా ఒక చుట్టు తిరిగి మళ్ళీ ఆయన చేతికి వస్తే ఆరో నంబరు అన్నారు. మామకు కుడి చెవి సరిగా వినపడదు. ఆ సంగతి ఆ రోజే బయటపడింది.

చివరికి నేనే ధైర్యం చేసి, తూకం వేసి చూద్దామా అన్నాను. మా నాయన సారెలో చిన్న ఇత్తడి త్రాసు ఒకటి ఇచ్చాడు. తూకం నా పుట్టింటి విద్య కాబట్టి ఇద్దరూ వెంటనే ఒప్పుకున్నారు. ఒక పళ్ళెంలో ఒక తూటా పెట్టి, రెండో పళ్ళెంలో తక్కిన తొమ్మిదింటినీ ఒకదాని తరవాత ఒకటి మార్చి మార్చి పెట్టాను. ముల్లు నడిమి గీత మీదే నిలబడింది. మొదటిదానికీ, చివరిదానికీ. ఆవాలంతవి వందలు పోసినా, శనగగింజలంతవి తొమ్మిది పోసినా, ఒకే గొట్టం కాబట్టి ఒకే బరువు పోసి మూసి ఉంటారని అప్పుడు నాకు తట్టింది. ఆ మాట చెప్పాను. చిన్నాయన కాసేపు ముల్లు వంకే చూసి, ఇన్నేండ్లుగా ఒంటి గుండు బరువెక్కువ కాబట్టే కణితి పడుతుందని చెబుతూ వచ్చానే అని గొణిగారు. మామ ముఖంలో ఆ వారంలో మొదటిసారి కొంచెం వెలుగు కనిపించింది.

ఒకదాన్ని కోసి చూద్దామన్నారు చిన్నాయన. ఒకటి కోస్తే ఒకదాని సంగతే తెలుస్తుంది, పదీ కోస్తే పదింటి సంగతీ తెలుస్తుంది కానీ కాల్చడానికేమీ మిగలదని మామ ఆయనకు ఓపికగా వివరించారు. కొత్తవి కొనాలంటే లైసెన్సు పుస్తకంలో ముద్ర వేయించుకోవాలి, తాలూకా ఆఫీసు చుట్టూ తిరగాలి. ఈ లోపల పెసలు కాయ పట్టాయి. దుప్పులు కొండ దిగాయి.

కార్తీక మాసంలో ఒకరోజు పొద్దు పొడిచే ముందు మామ, చిన్నాయన తుపాకి తీసుకుని చేనికి బయలుదేరారు. డబ్బాలోంచి ఒక తూటా కళ్ళు మూసుకుని తీసి మామ జేబులో వేసుకోవడం నేను చూశాను. అత్త నా చేతికి కాఫీ తూక్కు గిన్నె ఇచ్చి వాళ్ళ వెనకే పంపింది. కాఫీ ఒక సాకు. ఆయన తుపాకి ఎత్తగానే గట్టిగా దగ్గమని చెప్పింది. చిన్నప్పటి ఉబ్బసం ఇట్లా ఒక పని చేసి పుణ్యం కట్టుకోబోతున్నదని దారంతా అనుకుంటూ నడిచాను.

చేను మధ్యలో నడుమెత్తు మంచె ఒకటి ఉండేది. ఇద్దరూ దాని మీద కూర్చున్నారు. నేను కింద కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాను. మంచు లేదు, గాలి కూడా లేదు. తూర్పున కొంచెం ఎరుపు వచ్చేసరికి అవి వచ్చాయి. ఆడవి ముందు వచ్చాయి, తరవాత పోతు. ముప్పై అడుగుల దూరంలో నిలబడి, మా పెసరకాయలు ఒక్కొక్కటి ఏరుకుని తింటున్నది. అంత అందమైన జంతువును నేను అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. దవడ కదులుతుంటే మెడ మీద చుక్కలు కూడా కదిలాయి.

మామ తుపాకి ఎత్తారు. నేను దగ్గబోయాను. దగ్గు రాలేదు. ఇరవై మూడేళ్ళ జీవితంలో వద్దన్నా వచ్చిన దగ్గు, కావాల్సిన ఆ ఒక్క నిమిషం గొంతులో జాడ లేదు. నోరు తెరిచి కూర్చుని పెరుమాళ్ళను తలచుకున్నాను.

"వెయ్యి బావా," అన్నారు చిన్నాయన గుసగుసగా.

మామ వేయలేదు. గొట్టం పోతు మీదే ఉన్నది. "ఏం వేసుకోనుండానో తెలిస్తే కదరా వేసేది."

"ఏదైతేనేమి. దగ్గిరనే ఉండాది."

"ఏదైతేనేమా? ఇది ఆరో నంబరైతే? తోల్లో నూరు ముండ్లు గుచ్చుకోని కొండెక్కి పోతాది. కండ్లల్లో పడితే గుడ్డిదవుతాది. పడేది లే, బతికేది లే. పది దినాలు చీము పట్టి చస్తాది."

"ఒంటి గుండయితే?"

"అయితే పడతాది. పదింటిలో ఒకటి, అయితే."

తుపాకి దించి ఒళ్ళో పెట్టుకున్నారు. పోతు తల ఎత్తి మంచె వైపు చూసి, మళ్ళీ మేతలో పడింది. ఆ తరవాత మామ అన్న మాటలు నాకు ఇప్పటికీ ఆ గొంతుతోనే వినిపిస్తాయి. "ఆ కణితి పడలేదురా."

"ఏ కణితి?"

"ఏ కణితా? మన కణితి. కుందేలుకని నాలుగో నంబరు వేసుకోనుంటిని. అది ఎదురుగా వచ్చి నిలిచింది. వేసేస్తిని. వాగు దాకా ఆకుల మీద నెత్తురు. రెండు దినాలు వెతికితిని. దొరకలే."

చిన్నాయన మంచె మీద పూర్తిగా ఆయన వైపు తిరిగి కూర్చున్నారు. దుప్పుల సంగతి మరిచిపోయారు. గొంతు తగ్గించాలన్నదీ మరిచిపోయారు. "నలభై ఏండ్లుగా ఎస్‌జీతో పడిందని నాతో పోట్లాడితివే బావా."

"పడనందుకే పోట్లాడితిని. ఆ దినం ఎస్‌జీ ఉండింటే అది అంత కష్టపడకుండా పోయుండును."

చిన్నాయన తుపాకి మీద చెయ్యి వేసి, దాని మీదున్న గంధం చుక్కను గోటితో గీకారు. నాకు సరిగ్గా అప్పుడు వచ్చింది దగ్గు. వరసగా ఏడెనిమిదిసార్లు, ఒళ్ళంతా అదిరిపోయేలా దగ్గాను. ఐదు దుప్పులూ ఒక్కసారి గాల్లోకి లేచి గట్టు దాటి కొండ దారి పట్టాయి. ఇద్దరు పెద్దవాళ్ళూ మంచె అంచు పట్టుకుని కిందికి వంగి, నేను అక్కడ ఉన్నానని అప్పుడే తెలిసినట్టు నా వంక చూశారు. కాఫీ తెచ్చానని చెప్పాను.

తిరిగి వచ్చేటప్పుడు చిన్నాయన ముందు నడిచారు. మామ కావాలనే వెనకబడి నా పక్కకు వచ్చారు. "అమ్మా, తెలిసి కడిగితివా, తెలియక కడిగితివా?"

"తెలియక మామా. మా ఇంట్లో తూనికరాండ్లను అట్లనే కడుగుతాము."

ఆయన తుపాకి రెండో భుజానికి మార్చుకున్నారు. "సరే. మీ అత్తతో మాత్రం తెలిసే కడిగితినని చెప్పు. తెలివిగల కోడలు దొరికిందని సంతోషంగా ఉండాది. చెరపొద్దు."

అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. అట్లాగని ఆమె సంతోషాన్నీ చెరపలేదు. అడిగితే నవ్వి ఊరుకునేదాన్ని. అందుకు దేవుడు నన్ను మన్నించే ఉంటాడు. ఆ ఏడు మేము వంతులు వేసుకుని తెల్లవారుజామున చేనికి వెళ్ళి రేకు డబ్బాలు వాయించాము. నా వంతు రోజుల్లో డబ్బా వాయించే పని కూడా లేకుండా దగ్గే సరిపోయేది. పెసలు ముప్పాతిక వంతు ఇంటికి వచ్చాయి.

అయినా అత్తకు పూర్తిగా భయం తీరలేదు. కొత్త తూటాలు కొనుక్కోవచ్చు కదా, వాటి మీద అక్షరాలు ఉంటాయి కదా. మామ ఒకసారి లైసెన్సు పుస్తకం దులిపి బల్ల మీద పెట్టారు కూడా. ఆమె దాన్ని బియ్యం డ్రమ్ములో దాచింది. ఆయన మర్నాడు అన్నం తినేటప్పుడు, పుస్తకానికి పురుగు పట్టకుండా వేపాకు వేశావా అని అడిగారు.

ఆ సంక్రాంతి నెలలో ఎన్నికలు వచ్చాయి. మా పక్క ఎన్నికలు వస్తే లైసెన్సు తుపాకులన్నీ పోలీసు స్టేషనులో అప్పజెప్పి చీటీ తీసుకోవాలి. ఓట్లు లెక్కపెట్టాక వెళ్ళి తెచ్చుకోవాలి. మామకు ఆ దారి అలవాటే. ఈసారి నన్ను తోడు తీసుకువెళ్ళారు, చీటీ చదవడానికి. స్టేషనులో ఏట్టయ్య, అంటే హెడ్ కానిస్టేబులు, తుపాకి నంబరు రాసుకుని, తూటాలు ఏ రకానివి ఎన్ని అని తమిళంలో అడిగాడు. మామ నా వైపు చూశారు. నేను గోడ వైపు చూశాను. ఏట్టయ్య ఒక తూటా తీసుకుని వెలుగులో తిప్పాడు, వాసన చూశాడు. ఇదేమిటయ్యా, మంగళస్నానం చేయించారా అన్నాడు. ఆయుధ పూజ అని మామ ఒప్పుకున్నారు. పేలుతాయా అని అడిగితే, అది పెరుమాళ్ళకే తెలుసునన్నారు. ఏట్టయ్య చాలాసేపు కలం పట్టుకుని కూర్చుని, చివరికి చీటీలో "తోట్టాలు పది, పచ్చనివి" అని రాసి ముద్ర వేశాడు.

ఓట్లు లెక్కపెట్టారు. ఊళ్ళో తక్కిన ఇద్దరూ తమ తుపాకులు తెచ్చుకున్నారు. మామ వెళ్ళలేదు. నెలకోసారి స్టేషను నుంచి కబురు వచ్చేది. వచ్చే వారం వెళతానని చెప్పి పంపేవారు. ఎండలు పోయి ఆడి నెల గాలి వచ్చినా వెళ్ళలేదు. ఆవణి మాసంలో ఒక సాయంత్రం నన్ను పిలిచి కాగితం తెమ్మన్నారు. తుపాకి ఇక తనకు వద్దని, సర్కారే ఉంచుకోవాలని తమిళంలో రాయించారు. కారణం ఏమని రాయాలి మామా అని అడిగాను. చూపు తగ్గిందని రాయమన్నారు. ఆ మాట ఆయన నోటి నుంచి వినడం అదే మొదటిసారి. రాసి చదివి వినిపించాను. కింద సంతకం పెట్టడానికి చోటు ఎక్కడో వేలు పెట్టి చూపించాల్సి వచ్చింది.

మర్నాడు ఆ కాగితం స్టేషనులో ఇచ్చి ఇద్దరమూ బస్సు దిగి, చేని గట్టు మీదుగా ఇంటికి నడిచాము. ఆ ఏడు మొదటి జల్లు ముందుగానే పడి కొత్త పెసర మొలకలు నాలుగు ఆకులు వేసి ఉన్నాయి. వాటి మధ్య దుప్పులు నిలబడి ఉన్నాయి, పోతు, ఆడవి, ఈసారి ఒక పిల్ల కూడా. మామ ఆగారు. అలవాటు కొద్దీ కుడి చెయ్యి భుజం మీదికి వెళ్ళింది, అక్కడ ఏమీ లేదు. ఆ చేతిని కాసేపు అక్కడే ఉంచుకుని, తరవాత రెండు చేతులూ ముందుకు చాపి గట్టిగా చప్పట్లు కొట్టారు.

దుప్పులు తలలెత్తి ఆయన్ను చూశాయి. మర్యాదగా మూడు సాళ్ళు అవతలికి జరిగి మళ్ళీ మేయడం మొదలుపెట్టాయి.

"పోయినాయి చూడు," అన్నారు మామ.

ఆయనకు అంత దూరం కనిపించదు. పెరుమాళ్ళకు మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. "పోయినాయి మామా," అన్నాను.